అత్తగారి కొంగున బీరువా తాళం

గ్రంథాలయ వారోత్సవాల సభ ఎప్పుడైనా చూశారా? ఏటా నవంబరు 14న మొదలై 20తో ముగుస్తాయి. మొదటిరోజు నెహ్రూగారి పటానికి దండ, పిల్లలకు వ్యాసరచన పోటీ, ఆడపిల్లలకు ముగ్గుల పోటీ. చివరిరోజు బహుమతులు, ఫోటోలు. మధ్యలో ఒక సాయంత్రం గ్రంథపాలకులు తమ గోడు తాము చెప్పుకుంటారు. ఆ సాయంత్రం కుర్చీలు సగానికి సగం ఖాళీ. పాలమూరు వైపు ఒక ఊళ్లో కిందటేడు అలాంటి సాయంత్రం నేను మొదటి వరుసలో కూర్చున్నాను. పుస్తకాల మీద అంత భక్తి పుట్టుకొచ్చి కాదు. నా వెంట మా చిన్నమ్మ ఉంది. ఆవిడకు వినికిడి కొంచెం తక్కువ.

నలుగురు మాట్లాడారు. ఒకరు రిటైరు కావడానికి దగ్గరపడ్డ పెద్దమనిషి. ఇద్దరు నడివయసువాళ్లు. నాలుగో ఆమె ఈమధ్యనే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. గంటన్నర ఉపన్యాసాల్ని వడగడితే నాలుగు మాటలు తేలాయి. చదివేవాళ్లు లేరు. సెల్‌ఫోను వచ్చి పుస్తకాన్ని మింగేసింది. ఏం చేద్దామన్నా కాపీరైటు అడ్డం. మా ఉద్యోగానికి విలువ లేదు.

నవలల మీద విమర్శలు రాస్తాం, సినిమాల మీద రాస్తాం. ఆ నవలను మన చేతికి అందించే మనిషి ఏమనుకుంటున్నాడో, అందులో తప్పొప్పులేమిటో ఎవరూ రాయరు. అందుకని ఈ నాలుగు మాటల మీద నా విమర్శ. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాలుగింటిలోనూ నిజం ఉంది. అయితే నాలుగింటి వెనకా మన ఇళ్లలో మనకు బాగా పరిచయమైన జబ్బు కూడా ఒకటి ఉంది. అదేమిటో చెప్పేముందు మా చిన్నమ్మ సంగతి చెప్పాలి.

చిన్నమ్మ వాళ్ల తాత నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి భజన గురువు. తాను కట్టిన పాటలన్నీ పోగుచేసి, జొన్నలు అమ్మిన డబ్బు పెట్టి పట్నంలో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. నలభై పేజీలు కూడా ఉండదు. పోలీసు యాక్షన్ జరిగిన 1948లోనే ఆయన పోయాడు. ఇంట్లో ఉన్న ప్రతులు వానకు తడిసినవి తడిసి, చెదలు తిన్నవి తిని, ఒక్కటీ మిగల్లేదు. తమ వైపే ఒక గ్రంథాలయంలో ప్రతి ఒకటి ఉందని ఎవరో చెబితే, నాలుగేళ్ల కిందట చిన్నమ్మ బస్సెక్కి వెళ్లింది. అప్పటికి మా పెద్దమ్మ బతికే ఉంది. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టింది. తాత పాటలు చాలావరకు ఆమెకు నోటికి వచ్చు. ఆ పుస్తకం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలునని ఆమె కోరిక.

"ఉన్నదమ్మా" అన్నాడట గ్రంథపాలకుడు, బీరువాలోంచి తీసి చూపిస్తూ. "గని బయటికియ్యరాదు. పాతది, చినిగిపోతది. జిరాక్సు తీసుడు గూడ రాదు. కాపీరైటుంటది."

"మా తాత రాసిందే గద నాయనా!"

"ఎవరు రాసినా అంతేనమ్మా. పైనుంచి పర్మిషన్ కాయిదం పట్కరాండ్రి."

పైన అంటే ఎక్కడో చిన్నమ్మకు తెలియలేదు. చెప్పినాయనకు తెలుసని నేనూ అనుకోను. ఆరు నెలలు తిరక్కుండానే పెద్దమ్మ పోయింది.

ఇక ఆ జబ్బు సంగతి. మన పాత ఇళ్లలో అత్తగారి కొంగున ఒక తాళంచెవి వేలాడుతుండేది. బీరువాలో వెండి కుంకుమభరిణె, పట్టుచీరలు, కోడలు పుట్టింటినుంచి తెచ్చుకున్న గిన్నెలు. కోడలు అడిగితే "ఇప్పుడెందుకు, పాడైపోతాయి" అనేది అత్తగారు. ఆవిడ దుర్మార్గురాలేం కాదు, తన కాపలాలో ఏదీ పోకూడదని ఆరాటం. పదేళ్ల తర్వాత ఎవరి పెళ్లికో తాళం తీసి చూస్తే పట్టుచీర మడతల దగ్గర చివికిపోయి ఉండేది. మన గ్రంథపాలకుల నాలుగు మాటల్నీ నేను ఆ తాళంచెవి పక్కన పెట్టి చూశాను.

మొదటి మాట, చదివేవాళ్లు లేరన్నది. ఆ పెద్దమనిషి ఈ మాట అంటున్నప్పుడు పక్క గదిలో నలభై యాభై మంది పిల్లలు తలెత్తకుండా చదువుకుంటున్నారు. గ్రూప్స్‌కి కొందరు, డీఎస్సీకి కొందరు, కానిస్టేబుల్ పరీక్షకు కొందరు. పుస్తకాలు వాళ్లవే, ఇంటినుంచి తెచ్చుకుంటారు. గ్రంథాలయం ఇచ్చేది కుర్చీ, ఫ్యాను, లైటు. "వీళ్లు మా లెక్కలోకి రారు" అన్నారాయన. ఎందుకు రారు? ఒక్క గది ఇంట్లో టీవీ మోత మధ్య చదవలేని ఆడపిల్లకు నాలుగు గంటల నిశ్శబ్దం దొరికే చోటు ఊరు మొత్తంలో అదొక్కటే. అంతమంది రోజూ వచ్చి కూర్చుంటే, వాళ్ల చేతిలో తన పుస్తకం ఒక్కటైనా పెట్టలేకపోవడం ఎవరి లోటు?

"ఇక ఆడవాళ్లు సరే, సీరియళ్లు వదిలి ఎక్కడొస్తారు" అని కూడా అన్నారు. హాల్లో ఉన్న ఆరుగురు ఆడవాళ్లం ముఖాలు చూసుకున్నాం. అయ్యా, మేము అప్పుడు మాత్రం వచ్చామా? 1970లలో పుస్తకమే మా ఇంటికి వచ్చేది. అద్దె పుస్తకాల షాపుకు పిల్లవాణ్ణి పంపి నవల తెప్పించుకునేవాళ్లం. వారపత్రికలో సీరియల్ పేజీలు వారం వారం చించి, మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించి, పాత కేలండరు అట్ట వేసి బైండు చేసుకునేవాళ్లం. ఆ బైండు పుస్తకం వీధి చివరిదాకా చేతులు మారి, పసుపు మరకలతో, కాఫీ గ్లాసు గుండ్రాలతో తిరిగొచ్చేది. ఆ లెక్కలు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు గాని, అప్పట్లో మన చదువంతా అదే.

నల్లగొండ జిల్లాలోనే ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి. ఇళ్లలో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలంగాణ రచయితల పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. "ప్రజల మనిషి" నవల రాసింది ఆయనే. పాఠకులు లేరని కూర్చుంటే ఆ మూట లేచేదే కాదు.

అసలు పాఠకులు లేరన్న మాట ఎవరికైనా చెల్లితే 1901లో వాళ్లకు చెల్లాలి. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగు చదివితే ఉద్యోగం రాదు. అలాంటప్పుడు ఆ ఏడు సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. పెట్టినవాళ్లలో కొమర్రాజు లక్ష్మణరావు గారు, తర్వాతి కాలంలో నల్లగొండ జిల్లాలో కలిసిన మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు ఉన్నారు. భర్త పోయిన తర్వాత రావిచెట్టు లక్ష్మీనరసమ్మ గారు ఆ నిలయానికి సొంత ఇల్లు ఏర్పడటానికి విరాళమిచ్చారు. గ్రంథాలయ చరిత్ర చెప్పేవాళ్లు ఆవిడ పేరు ఒక్కొక్కసారి మరిచిపోతుంటారు. మనమైనా గుర్తుపెట్టుకుందాం.

రెండో మాట సెల్‌ఫోనుది. "అన్నీ ఫోన్లోనే దొరుకుతుంటే ఇక్కడికెవరొస్తారు?" అన్నారు రెండో వక్త. మళ్లీ ఆయనే, "కంప్యూటర్లో ఎక్కించమంటారు, ఊడ్చే మనిషే లేదు" అన్నారు. తా దూర కంత లేదు, మెడకొక డోలు అన్నట్లుంది పాపం. ఆ రెండో ముక్కకు నేనేమీ అనలేను. మొదటి ముక్క మాత్రం ఒప్పుకోను. ఫోన్లో అన్నీ దొరకవు. దొరకకపోవడానికి కారణం కూడా గ్రంథపాలకుడు లేకపోవడమే.

ఈ శతాబ్దం మొదట్లో భారత డిజిటల్ లైబ్రరీ అని ఒకటి మొదలైంది. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రంలో పెద్దవాడైన రాజ్ రెడ్డి గారి ఆలోచనతో, బెంగుళూరు, హైదరాబాదు విద్యాసంస్థలు కలిసి వేలకు వేలు పాత తెలుగు పుస్తకాలకు ఫోటోలు తీసి పెట్టాయి. మహోపకారం, కాదనను. కాని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ద, ధ, డ, ఢ నాలుగూ ఒకే అక్షరం. ల, ళ ఒకటే. ణ, న ఒకటే. ఒక రచయిత పేరు నాలుగుచోట్ల నాలుగు రకాలు. కొన్నింటికి అసలు రచయిత పేరే లేదు. అందులో గద్వాల కవి పుస్తకం వెతకడమంటే మినప్పప్పులో నువ్వుగింజ వెతకడమే. కొన్నేళ్లకు ఆ సైటు మూతపడింది. అప్పటికే చాలా పుస్తకాలు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉండబట్టి మనకు దక్కాయి. పేర్ల తప్పులు కూడా వాటితోపాటే అమెరికా వెళ్లాయి.

యంత్రం పేజీని చూస్తుంది గాని, ఆ పేజీ ఎవరిదో దానికి తెలియదు. ఒక ఉదాహరణ చూడండి. తెలుగులో తొలి కథ 1910లో గురజాడ రాసిన "దిద్దుబాటు" అని చాలాకాలం పాఠాలు చెప్పారు. తర్వాత పరిశోధకులు పాత పత్రికలు తిరగేస్తే, భండారు అచ్చమాంబ రాసిన "ధనత్రయోదశి" 1902 నాటి "హిందూ సుందరి"లో కనిపించింది. ఈవిడ ఎవరనుకున్నారు? ఇందాకటి కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. తమ్ముడు గ్రంథాలయం పెట్టిన మరుసటేడు అక్క రాసిన కథ. ఆ ఆడవాళ్ల పత్రికను ఎవరో కిలోల లెక్కన అమ్మకుండా ఉంచబట్టి, ఇంకెవరో అందులో ఏముందో గుర్తించబట్టి, ఆవిడ పేరు బయటికొచ్చింది. దాచినవారు, గుర్తించినవారు, ఇద్దరూ లేకపోతే ఏ ఫోనూ చెప్పలేదు.

డబ్బు ఖర్చంటారా, దానికీ దారులున్నాయి. న్యూజిలాండులో ఒక చిన్న ఊరి గ్రంథాలయం తన అవసరం కోసం చేయించుకుని, 2000లో లోకానికంతటికీ ఉచితంగా వదిలేసిన కోహా అనే సాఫ్టువేరు ఉంది. మన కేంద్రప్రభుత్వ సంస్థ తయారుచేసిన ఈ-గ్రంథాలయ ఉంది. తెలుగు పేరు తెలుగులోనే ఎక్కించవచ్చు. 2016లో పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, 2019లో నారాయణపేట వేరు జిల్లాలయ్యాయి. ఏ ఊరి రచయిత ఇప్పుడు ఏ జిల్లాలోకి వెళ్లాడో తెలిసి రాసుకోవలసింది అక్కడి గ్రంథపాలకుడే. బెంగుళూరులో కూర్చున్నవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మూడో మాట కాపీరైటు. ఆ వక్త ఈ మాటను మైకు ముందు నాలుగైదుసార్లు గట్టిగా అన్నారు. మొదటి వరుస గనక చిన్నమ్మకు బాగా వినిపించింది. మాట పూర్తికాకముందే లేచి నిలబడింది.

"నాయనా, ఆ కాపీరైటు అనేటాయన ఏ ఊళ్లె ఉంటడు? నేనే పోయి అడుగుత."

హాలు గొల్లుమంది. నవ్వనిది ఒక్క నాలుగో అమ్మాయే. సభ అయిపోయాక టీ గ్లాసుతో వచ్చి చిన్నమ్మ పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, మీ తాత ఎప్పుడు పోయిండు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న నాలుగేళ్ల కిందట అడగవలసినాయన అడిగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

ఆ అమ్మాయి చెప్పిన సంగతులు మన ఆడవాళ్లందరికీ పనికొస్తాయి గనక రాస్తున్నాను. మన దేశంలో కాపీరైటు చట్టం 1957లోది. రచయిత బతికున్నంతకాలం, పోయిన తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పోయిన మరుసటి జనవరి నుంచి ఆ 60 లెక్క. మొదట్లో 50 ఏళ్లే ఉండేది. 1941లో పోయిన రవీంద్రుడి రచనల మీద హక్కు 1991తో తీరిపోతుందనగా ఇంకో పదేళ్లు కలిపారు. ఈ లెక్కన 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి గారి రచనల మీద హక్కు 2013తో తీరింది. 1961లో పోయిన ఆళ్వారుస్వామి పుస్తకాల మీద 2021తో తీరింది. ఇప్పుడవి అందరివీ. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు.

హక్కు ఇంకా ఉన్న పుస్తకాల విషయంలోనూ చట్టం గ్రంథాలయం మీద దయగానే ఉంది. బజారులో కొనడానికి దొరకని పుస్తకాన్ని, గ్రంథాలయం అవసరం కోసం, గ్రంథపాలకుడే మూడు ప్రతుల దాకా తీయించుకోవచ్చు. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు ఇంకో వెసులుబాటు ఇచ్చారు. గ్రంథాలయంలో కాగితం ప్రతి ఉంటే, అది పాడైపోకుండా కంప్యూటరులో కూడా ఒకటి దాచుకోవచ్చు. చూపులేనివారి కోసం చదివి రికార్డు చేయవచ్చు. ఇవన్నీ లాభం కోసం కాని పౌర గ్రంథాలయాలు చేసుకోదగినవే. ఇంత చోటు చట్టం ఇచ్చినా మనవాళ్లు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటున్నారు.

అలాగని అంతా మనదే అనుకుని ఎగబడటానికీ లేదు. ఇక్కడ మన తప్పు మనం చెప్పుకోవాలి. యద్దనపూడి సులోచనారాణి గారు 2018లో పోయారు. ఆవిడ నవలల మీద హక్కు 2078 దాకా వారసులది, హక్కు కొనుక్కున్నవారిది. కాని ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పొద్దున్నే శుభోదయం పూలతోపాటు ఆవిడ నవలలు పీడీఎఫ్‌లుగా ఊరేగుతుంటాయి. "చదివి పంపు వదినా" అని పంపిస్తాం. రాత్రిళ్లు పిల్లల్ని పడుకోబెట్టి రాసిన ఎందరో రచయిత్రుల కష్టం మీద మనం చూపే ప్రేమ అది! బైండు పుస్తకం అయితే వీధి చివరిదాకా పోయేది. ఇది ఒక్క నిమిషంలో వెయ్యి ఇళ్లకు పోతుంది. తేడా అక్కడే ఉంది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా, మా దగ్గరున్న కాగితం ప్రతికి బదులుగా ఒక్కరికే ఒకసారి ఫోన్లో అరువిస్తున్నామని వాదించింది. పెద్ద ప్రచురణకర్తలు దావా వేశారు. 2023లో కింది కోర్టు, 2024లో అప్పీలు కోర్టు ప్రచురణకర్తల పక్షానే చెప్పాయి. హక్కు ఉన్నచోట ఉన్నట్లే.

విచిత్రమేమిటంటే, అందరూ ఇచ్చేసుకోకూడని నవల వెయ్యి ఫోన్లలో తిరుగుతోంది. నిక్షేపంగా ఇవ్వదగిన భజనపాటల పుస్తకం బీరువాలో ఉంది. చిన్నమ్మ తాత 1948లో పోయాడు గనక ఆయన హక్కు 2008 డిసెంబరు 31తోనే తీరిపోయింది. ఒకవేళ తీరలేదనే అనుకుందాం. అప్పుడు ఆ హక్కు ఎవరిది? వారసులది. అంటే మంచంలో ఉన్న పెద్దమ్మది, బస్సెక్కి వచ్చిన చిన్నమ్మది. పర్మిషన్ కాయిదం ఇవ్వవలసిన మనిషే ఎదురుగా నిలబడి ఉంటే పర్మిషన్ తెమ్మని పంపించారన్నమాట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారు. ఇక్కడ అడుక్కోవలసి వచ్చింది అమ్మే.

నాలుగో మాట ఉద్యోగానిది. దీంట్లో నేను పూర్తిగా గ్రంథపాలకుల పక్షం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ సెస్సు మనందరం కడుతున్నాం. పన్ను రసీదు తీసి చూడండి, ఉంటుంది. ఆ పైసలు వసూలైన చోటినుంచి గ్రంథాలయ సంస్థకు చేరక బకాయిలు పడ్డాయన్న వార్తలు పత్రికల్లో తరచు చూస్తూనే ఉంటాం. పొద్దున తలుపు తీసేదీ, పేపర్లు సర్దేదీ, సాయంత్రం తాళం వేసేదీ ఒక్కరే అయిన చోట, ఒక పుస్తకం పోతే జీతంలో కోస్తారేమోనని ఆ ఒక్కరూ భయపడితే తప్పుపట్టగలమా? తాళంచెవి కొంగున ముడేసుకున్న అత్తగారి వెనక కూడా లెక్క అడిగే మామగారు ఉండేవాడు.

అయినా ఒక్క మాట. వాళ్ల గురువు రంగనాథన్ గారు 1931లోనే అయిదు సూత్రాలు చెప్పారు. పుస్తకం వాడుకోవడానికే ఉందన్నది మొదటిది. పాఠకుడి కాలం వృథా చేయకూడదన్నది నాలుగోది. ఆయన పుట్టినరోజు అని ఏటా ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం చేసి పటానికి దండ వేస్తారు. దండ వాడిపోయేలోగా ఆ సూత్రాలు ఒకసారి చదువుకుంటే విలువ బయటినుంచి ఎవరూ తెచ్చి ఇవ్వనక్కర్లేదు.

ఈ పని విలువ ఎంతో పాలమూరువాళ్లకు నేను చెప్పాలా? తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్నారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక నడుపుతున్నారప్పుడు. ఆయన తిరిగి తిట్టలేదు. ఊరూరి కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చువేశారు. ఆయన ఇచ్చిన జవాబు ఒక జాబితా. ఏ కవి, ఏ ఊరు, ఏం రాశాడు. గ్రంథపాలకుడు రోజూ చేయవలసిన పనే అది.

ఆ సంచికలోనే ఇవాళ్టికీ తీరని పని ఒకటి ఉంది. కూర్చిన ప్రతాపరెడ్డి గారి హక్కు తీరినా, ఒక్కొక్క పద్యం మీద హక్కు ఆ కవి పోయిన ఏటిని బట్టి ఉంటుంది. 354 మందిలో ఎవరు ఎప్పుడు పోయారో చెప్పగలిగేది ఎవరు? ఢిల్లీ చెప్పలేదు, ఫోను చెప్పలేదు. ఆ ఊరి గ్రంథపాలకుడు సాయంత్రం అరుగు మీద ముసలివాళ్లను అడిగి రాసుకుంటే తెలుస్తుంది. ఆ ముసలివాళ్లు ఉన్నంతకాలమే తెలుస్తుంది. ఆ పని చేసిన మనిషిని గుమాస్తా అని ఎవరనగలరు?

డిసెంబరులో మేము మళ్లీ వెళ్లాం. నాలుగో అమ్మాయి చట్టంలోని ముక్కలు తెలుగులో రాసిచ్చిన కాగితం చిన్నమ్మ సంచిలో ఉంది. అదే గ్రంథాలయం, అదే గ్రంథపాలకుడు. కాగితం రెండుసార్లు చదివాడు. "నాకెవ్వరు చెప్పలేదమ్మా. చెప్తే నేనెందుకాపుత?" అన్నాడు. ఆ మాట నిజమేనని ఆయన ముఖం చూస్తే తెలిసింది. బీరువా తెరిచి, బల్లను తానే కిటికీ దగ్గరికి జరిపి, ఒక్కొక్క ఆకూ మెల్లగా తిప్పాడు. నేను ఫోనుతో ఫోటోలు తీశాను. మధ్యలో రెండు ఆకులు పురుగు తినేసి జల్లెడలా ఉన్నాయి.

మొదటి ఆకు దగ్గర చిన్నమ్మ పైనున్న రెండు మాటలు కూడబలుక్కుని, కళ్లు మూసుకుని పాట మొత్తం పాడింది. పరీక్షలకు చదువుకునే పిల్లలు తలెత్తి చూశారు. ఎవరూ విసుక్కోలేదు. గ్రంథపాలకుడు కలం తీసి, పాడిన పాట పాడినట్లు రాసుకున్నాడు. రెండో ఆకు దగ్గర పల్లవి మాత్రం వచ్చింది. రెండుసార్లు అందుకోబోయి ఆగిపోయింది.

"ఇది అక్కకొచ్చు" అంది.

ఆయన ఏమీ అనలేదు. ఒక తెల్లకాగితం తీసి పల్లవి ఒక్కటీ పైన రాసి, కింద ఖాళీ వదిలి, ఆ ఆకు పక్కన పెట్టాడు. తర్వాత రిజిస్టరు తెచ్చి, తాత పేరు, ఊరు, పోయిన ఏడు అడిగి తెలుగులో రాసుకున్నాడు. పుస్తకాన్ని బీరువాలో పెడుతుంటే చిన్నమ్మ వెనకనుంచి గట్టిగానే అంది:

"తాళం వేస్తె వేసినవ్ గని నాయనా, అడిగినోళ్లకు తియ్యి."